కిటికీలో ఎముకలు

మా బావ మామూలుగా నాకు ఫోన్ చెయ్యడు. బొబ్బిలిలో ఆటో తోలుకుంటాడు. మాట్లాడాలంటే బండి ఆపాలి, ఆపితే వెనక కూర్చున్నవాళ్లు ఊరుకోరు. అందుకని ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్లల చేత మామిడికాయ బొమ్మ వేయిస్తుండగా ఫోన్ మీద అతని పేరు కనబడేసరికి పిల్లల్ని వదిలేసి వరండాలోకి వచ్చాను. మా అత్తకేదో అయిందనుకున్నాను.

"అమ్మకి బాగానే ఉన్నాది," అన్నాడు. "బాగానే ఉన్నాది గాని ఏటో సేస్తంది. వీధిలో జనాలు అదోలా సూస్తన్నారు. నువ్వు బొమ్మల సదువు సదివినావు కదా, ఒకపాలి వచ్చి సూడు."

"ఏం చేస్తోంది బావా?"

"ఫోన్లో సెప్పేది కాదు. వస్తే తెలస్తాది."

నేను రాజాంలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు టీచర్ని. విశాఖపట్నంలో ఉండి బొమ్మలెయ్యడం మీదే డిగ్రీ చేశాను గానీ, ఆ చదువంతా ఇప్పుడు వార్షికోత్సవానికి స్టేజీ తెరలు రాయడానికీ, గోడల మీద నీతివాక్యాల చుట్టూ పూలతీగలు వెయ్యడానికీ సరిపోతోంది. మా అత్త అంటే మా నాన్నకి అక్క. ఉండేది బొబ్బిలికి దగ్గర్లో ఒక పల్లె. మావయ్య చిన్న వయసులోనే పోతే, కొడుకుని చంకనేసుకుని మిషను ఆసుపత్రిలో ఆయాగా చేరి, వయసు మళ్లేదాకా అక్కడే పనిచేసింది. ఊళ్లో ఆమెని పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయమ్మే. ఆదివారం చర్చి, తక్కిన రోజులు ఆసుపత్రి. ఆమెకీ బొమ్మలకీ సంబంధం ఉందని ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు.

ఆ శనివారం బస్సు దిగి వీధిలోకి మలుపు తిరిగేసరికి ఎదురింటావిడ అరుగు మీద కూర్చుని గోంగూర ఒలుస్తోంది. వరి పండించుకునే కుటుంబం వాళ్లది. మా అత్తతో చిన్న చిన్న చేబదుళ్లూ, పెద్ద పెద్ద కబుర్లూ ఉండేవి.

"ఆయమ్మ మేనకోడలివి కదా," అంది. "మీ అత్తకి ఒంట్లో ఎలగున్నాది?"

"బాగానే ఉందట."

"దానికి బాగుండకేటి. మా గుంటకే బాగులేదు. జొరం దిగతల్లేదు." ఈ మాట అంటూ ఆవిడ నా వైపు చూడలేదు. మా అత్త ఇంటి కిటికీకేసి చూసింది.

నేనూ అటు చూశాను. వీధివైపు గదికున్న రెండు కిటికీలకీ ఎక్స్‌రే ఫిలిములు వేలాడుతున్నాయి. తీగ కట్టి, బట్టల క్లిప్పులతో వరసగా తగిలించి ఉన్నాయి. బయట నుంచి చూస్తే నల్లటి అట్టల్లా ఉన్నాయి. కొంచెం పక్కకి జరిగి చూస్తే మాత్రం పక్కటెముకలు, మోకాళ్లు, ఒక నడుం. మనుషుల ఎముకల్ని తోరణంలా కట్టుకున్న ముసలమ్మ గురించి, పిల్లకి జ్వరం తగ్గని తల్లి ఏమనుకుంటుందో ఎవరూ చెప్పక్కర్లేదు. మా వైపు ఆ మాట పైకి అనరు. చిల్లంగి, అంటే చేతబడి, అని ఒక్కసారి పైకి అన్నాక ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. నా చిన్నప్పుడు పక్క ఊళ్లో ఒక ముసలాయన్ని స్తంభానికి కట్టి పళ్లు రాలగొట్టారని మా నాన్న గొంతు తగ్గించి చెప్పేవాడు.

ఇంట్లోకి వెళ్తూనే అత్తని గట్టిగా నాలుగు మాటలు అనాలని నిశ్చయించుకున్నాను. గదిలో అడుగుపెట్టాక కిటికీ దగ్గరికే నడిచాను.

కిటికీలోంచి ఎండ ఫిలిముల మీద పడుతోంది. నల్లటి పొర మీద ఎవరో సన్నగా గీరిన గీతల్లోంచి వెలుగు లోపలికి వస్తోంది. ఒకదానిలో పక్కటెముకలు పొలం గట్లయ్యాయి. గట్ల మధ్య వంగి ఊడుపులు ఊడుస్తున్న ఆడవాళ్లు, ఒక్కొక్కరు బియ్యపు గింజంత. ఇంకొకదానిలో వెన్నెముక రైలయింది. ప్రతి పూసా ఒక పెట్టె, ప్రతి పెట్టెకీ కిటికీలు, కిటికీల్లో మొహాలు. ఒక అరచేయి ఉంది. దాని వేళ్లు సరుగుడు చెట్లు, మణికట్టు దగ్గర చిన్న చిన్న ఎముకలన్నీ ఇళ్లు. ప్రతి ఫిలిం మూలా ఒక పిట్ట.

అత్త మంచం మీద కూర్చుని, ఒళ్లో పీట పెట్టుకుని, గోనెసంచులు కుట్టే దబ్బనంతో ఏదో గీరుతోంది. తలెత్తకుండానే, "వచ్చినావా? నీళ్లు తాగు," అంది.

నాకు ముందు కలిగింది సంతోషం కాదని చెప్పాలి. అనుమానం. ఇవి ఈమె గీసినవేనా? ఎవరైనా గీసిచ్చారా? ఫోన్లో చూసి దింపిందా? దూరంగా ఉన్న మనుషులు చిన్నగా, దగ్గరున్నవాళ్లు పెద్దగా, గట్లు వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతూ ఉన్నాయి. ఆ సంగతి నా తొమ్మిదో తరగతి పిల్లలకి సంవత్సరమంతా చెప్పినా పట్టుబడదు.

మంచం పక్కనున్న సంచిలోంచి ఇంకా గీరని ఫిలిం ఒకటి తీసి ఆమె ముందు పెట్టాను. "ఇందులో ఒకటి గియ్యి అత్తా, చూస్తాను."

ఆమె అప్పుడు తలెత్తింది. "పరీచ్చ ఎడతన్నావేటే?"

"కాదు, ఊరికే."

"ఊరికే అయితే టీ ఎట్టుకురా."

టీ పెట్టి తెచ్చేసరికి ఆ ఫిలిం మీద ఒక భుజం ఎముక పక్కన చేటతో ధాన్యం ఎగరబోస్తున్న మనిషి నిలబడ్డాడు. పొట్టు ఏ వైపు ఎగురుతోందో కూడా తెలుస్తోంది. ఇంక అడగడానికేం మిగల్లేదు. అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

ఇదంతా ఎలా మొదలైందో టీ తాగుతూ చెప్పింది. ఆసుపత్రిలో ఎక్స్‌రే గది మార్చి కంప్యూటర్లు పెట్టినప్పుడు, ఏళ్ల తరబడి పేరుకున్న పాత ఫిలిములు పాతసామానువాడికి వేసేశారు. అప్పటి పెద్ద డాక్టరమ్మని అడిగి ఒక సంచెడు ఇంటికి తెచ్చుకుంది. ఎందుకని అడిగితే, "ఇరవైనాలుగ్గంటలూ అవి మోసినదాన్ని నేను. ఎక్స్‌రే గదిలోంచి డాక్టరు బల్ల కాడికి. అందులో ఏటుందో నాకెవులూ సెప్పలేదు," అంది. సంచి అటక మీద పడి ఉంది. తర్వాతెప్పుడో సూర్యగ్రహణం పట్టిన రోజు, ఫిలిం అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూద్దామని ఒకటి తీసింది. దాని మీద ఎక్కడో గోరు గీసుకుపోయిన గీత ఉంది. ఆ గీతలోంచి వెలుగు కంట్లో గుచ్చుకుంది. "సూర్యుడు కాదు, ఆ గీతే బాగున్నాది," అంది.

"మరి ఈ పిట్టలేంటి?"

"అక్కడ రోగి పేరు ఉంటాది కదా. తెల్లగా. ముందది గీకేస్తాను. గీకేసిన సోట పిట్టనెడతాను."

అక్కడే ఫోన్‌తో నాలుగైదు ఫొటోలు తీసుకున్నాను. తిరిగి రాజాం వచ్చే బస్సులో వాటిని చూస్తూంటే కాలేజీలో ఒక క్లాసు గుర్తొచ్చింది. మాకు కళాచరిత్ర చెప్పిన మాస్టారు గుహల దగ్గర మొదలుపెట్టి, గుళ్లు, రాజాస్థానాలు, ఐరోపా ఆధునికులు అన్నీ చెప్పి, సిలబస్ అయిపోయాక మిగిలిన ఒక పీరియడ్‌లో కొన్ని స్లైడులు వేశారు. పిచ్చాసుపత్రుల్లో ఉన్నవాళ్లు, జైళ్లలో ఉన్నవాళ్లు, ఏ బడికీ వెళ్లని పల్లెటూరి ముసలాళ్లు వేసిన బొమ్మలు. విదేశాల్లో ఒక డాక్టరు వాటిని పోగుచేశాడనీ, ఒక ఫ్రెంచి చిత్రకారుడు వాటికొక పేరు పెట్టాడనీ, ఇంగ్లీషులో వాళ్లని బయటివాళ్లు అంటారనీ చెప్పారు. నాకు బాగా గుర్తున్నది బొమ్మల కింద ఉన్న అక్షరాలు. పేరున్న చిత్రకారుల బొమ్మల కింద వాళ్లు ఎక్కడ చదువుకున్నారో రాసి ఉండేది. వీళ్ల బొమ్మల కింద ఏ జబ్బు ఉందో రాసి ఉంది. ఆ పేరున్నవాళ్లు ఈ పేరులేనివాళ్లని చూసి నేర్చుకున్నది చాలా ఉందని కూడా మాస్టారు అన్నారు. ఈలోగా బెల్లు కొట్టేశారు.

ఆ ఫొటోల్ని నాతో చదువుకున్న ఒకతనికి పంపాను. అతను హైదరాబాదులో ఒక గ్యాలరీలో పనిచేస్తున్నాడు. నా ఆలోచన ఒకటే. పట్నం నుంచి పెద్దమనుషులు కార్లో దిగి, ఇది చిల్లంగి కాదు, కళ అంటే వీధి సర్దుకుంటుందనుకున్నాను.

పెద్దమనిషి నిజంగానే కార్లో దిగాడు. గ్యాలరీ యజమాని. మెత్తగా మాట్లాడే మనిషి, గుమ్మం దగ్గరే చెప్పులు విప్పాడు. ఫిలిముల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒకదాని దగ్గర మరీ ఎక్కువసేపు ఉండిపోయాడు. విరిగి వంకరగా అతుక్కున్న కాలెముక అది. ఆ వంకరని అత్త తాటిచెట్టు మాను చేసి, దాని మీద సగం దూరం ఎక్కిన మనిషిని గీసింది. అప్పటిదాకా ఆయన మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. తర్వాత నన్నూ బావనీ కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ఆవిడ ఎప్పుడైనా మానసిక వైద్యం తీసుకున్నారా?"

"లేదండి."

"ఫిట్స్ లాంటివి? డిప్రెషన్?"

"మోకాళ్ల నొప్పులున్నాయి," అన్నాను.

"చదువు?"

"బైబిలు చదువుతుంది. పాటల పుస్తకం చదువుతుంది."

"అంటే ఫార్మల్‌గా లేదు." ఫోన్లో రాసుకున్నాడు. "ఊళ్లోవాళ్లు ఈ బొమ్మల గురించి ఏమంటారు?"

బావ ఆగలేకపోయాడు. "సిల్లంగి సేస్తందంటన్నారు సార్. అదే మా బయ్యం. మా ఆవిడ ఈ గదిలోకి రావడం కూడా మానేసినాది."

ఆయన ముఖం వెలిగింది. దాచుకుందామని చూశాడు గానీ నేను చూశాను. "ఇది చాలా ముఖ్యమైన విషయం," అని అదీ రాసుకున్నాడు. మాకు భయం అయినది ఆయనకి విషయమెలా అయిందా అని ఆలోచిస్తూండగానే నావైపు తిరిగాడు.

"మీరేం చేస్తారు?"

"డ్రాయింగు టీచర్ని. ఫైన్ ఆర్ట్స్ చదివాను."

ఆయన ముఖంలో వెలుగు ఆరిపోయింది. మెత్తదనం అలాగే ఉంది గానీ గొంతులో ఇంకేదో వచ్చింది. ఇక్కడికి ఎన్నాళ్లకోసారి వస్తాను, ఆవిడకి పుస్తకాలేమైనా ఇచ్చానా, ఈ దబ్బనం ఎవరు చూపించారు, నా ఫోన్లో బొమ్మలు ఆవిడకి చూపించానా అని వరసగా అడిగాడు. పోలీసు స్టేషన్లో మొదట మంచినీళ్లిచ్చి తర్వాత అడిగినట్టుంది. నాకేం సంబంధం లేదని చెప్పాను. అది నిజమేననుకునే చెప్పాను.

"ఏమీ అనుకోకపోతే, ఆవిడ గీస్తుండగా నేను చూడాలి. మీరు కాసేపు బయట ఉంటారా?"

నా సొంత మేనత్త ఇంట్లోంచి నన్ను బయట కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ఎదురింటావిడ తన అరుగు మీద, నేను మా అరుగు మీద. లోపల ఏదో జరుగుతోందనీ, నన్ను బయటికి పంపారనీ ఆవిడకి అర్థమైంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం. ఆవిడకి నా మీద అనుమానం, నాకు లోపలి మనిషి మీద అనుమానం, ఆయనకి మళ్లీ నా మీదే.

ఆయన వెళ్లాక అత్త చెప్పింది. "బొమ్మ సూడలేదే. నా సెయ్యి సూసినాడు. టీబీ వార్డులోకి కొత్తగా వచ్చిన డాక్టర్లు రోగిని అలగే సూస్తారు."

"ఇవ్వడం ఇష్టం లేకపోతే వద్దను అత్తా."

"ఇస్తే ఏటి? సూపించి తెచ్చిస్తానన్నాడు. సూద్దాం, తెస్తాడో తేడో."

పెట్టెల్లో సర్ది పట్టుకెళ్లడానికి మనిషిని పంపుతాననీ, ప్రదర్శన విశాఖపట్నంలోనే పెడతాననీ ఆయన చెప్పి వెళ్లాడు. ఆ మనిషి రాకముందే వీధిలో గొడవ వచ్చింది.

ఆదివారం, చర్చి అయ్యాక నేను అత్త ఇంట్లోనే ఉన్నాను. ఎదురింటావిడ వచ్చింది. వెనక ఆవిడ మరిది, ఇంకా వీధివాళ్లు కొందరు. గుమ్మానికి అడ్డంగా బావ నిలబడ్డాడు.

"మా మావగోరి ఫిలిం నీకాడ ఉన్నాదంట," అంది ఎదురింటావిడ, లోపలికి వినబడేలా. "ఆయన మీ ఆసుపత్రిలోనే కదా కాలు కట్టించుకున్నాడు. సచ్చిపోయినోడి ఎముకతో నీకేటి పని?"

మరిది ఏదో అనబోయాడు. అత్త మంచం దిగి, మోకాళ్లు పట్టుకుని మెల్లగా వచ్చింది.

"ఉంటే ఉండొచ్చు. నాకు తెల్దు. సెప్పులిప్పి లోపలికి రా. నువ్వొక్కదానివే రా. మీరందరూ అక్కడ కూకోండి."

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. వార్డులో చుట్టాలని బయటికి పంపే గొంతు అయ్యుంటుంది. మరిది అరుగు మీద కూర్చున్నాడు.

ఎదురింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గదిలోకి వచ్చింది. అత్త ఒక్కో ఫిలిం తీసి వెలుగుకి పట్టుకుని చూపించింది. ఆవిడ బొమ్మలు చూడలేదు, మూలలు చూసింది.

"పేర్లెందుకు సెరిపేసినావు? ఎవరివో తెలీకుండానా?"

"అవును, తెలీకుండానే. ఎవరి జబ్బు వాడి సొంతం. ఆసుపత్రిలో మాకు ముందు సెప్పినాది అదే."

ఆవిడ నమ్మలేదు. అలా చూస్తూ చూస్తూ వంకర కాలు ఉన్న ఫిలిం దగ్గర ఆగిపోయింది. కొంగు జారిపోయింది.

"ఇది మా మావది," అంది. "ఈ కాలుకి నేను ఎన్నాళ్లు నూనె రాసినానో నాకు తెల్దేటి." కాసేపు చూసి, మెల్లగా అత్త వైపు తిరిగింది. "మా మావ తాటిముంజల కోసం సెట్టెక్కి పడిపోయినాడు. నీకు తెల్దంటన్నావు. తెలీకుండా సెట్టు ఎలగ గీసినావు?"

అత్త ఫిలిం అందుకుని మళ్లీ చూసింది. "వంకర సూసి తాటిసెట్టు అనుకున్నాను," అంది. "అంతే."

ఆసుపత్రిలో ఆ రోగిని ఆమె చూసి ఉంటుంది, మనసులో ఎక్కడో ఉండిపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటున్నాను. అత్తని తర్వాత రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ తెలీదనే చెప్పింది.

"నాకిచ్చీ," అంది ఎదురింటావిడ.

"ఒట్టుకెళ్లు. మీ మావది."

ఆవిడ దాన్ని కొంగులో చుట్టుకుని, బొమ్మవైపు పైకి కనబడకుండా పట్టుకుని వెళ్లిపోయింది. వాళ్ల పెరట్లోంచి ప్లాస్టిక్కు కాలిన వాసన వచ్చిందని మర్నాడు బావ అన్నాడు. చెత్త తగలబెట్టి ఉంటారు కదా అంటే, ఏమోనన్నాడు. ఆ ఫిలిం ఏమైందో మాకు తెలీదు. అత్త మాత్రం, "దాని ఇష్టం, అడగొద్దు," అంది. బొబ్బిలిలో రక్తపరీక్ష చేయిస్తే ఎదురింటి అమ్మాయికి టైఫాయిడ్ అని తేలింది. మందులకి తగ్గింది.

గ్యాలరీ మనిషి వచ్చి ఫిలిములు పట్టుకెళ్లిన సాయంత్రమే యజమాని నాకు ఫోన్ చేశాడు. తాటిచెట్టు ఫిలిం ఏదన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"ఎదురింటివాళ్లు పట్టుకెళ్లారా," అన్నాడు తాపీగా. "మేడమ్, మధ్యలో వేరే గ్యాలరీవాళ్లు ఎవరైనా వచ్చారా?"

రాలేదన్నాను. నిజం చెప్తున్నకొద్దీ అబద్ధంలా వినబడటం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ప్రదర్శనకి ముగ్గురం వెళ్లాం. బావ ఆ రోజు ఆటో తియ్యలేదు. అత్త తెల్లచీర కట్టుకుంది, చర్చికి కట్టుకునేది. హాలంతా చీకటి చేసి, ఒక్కో ఫిలిం వెనకాలా లైటు పెట్టెలు అమర్చారు. గుమ్మంలో నిలబడి అత్త చుట్టూ చూసింది.

"ఇక్కడ మళ్లీ ఆసుపత్రి ఎట్టేసినారు," అంది.

నిజమే. డాక్టరు గదిలో ఎక్స్‌రే చూసే పెట్టెలు అచ్చం అలాగే ఉంటాయి. ఎండలో కదిలే బొమ్మలు ఇక్కడ బిగుసుకుపోయి కనిపించాయి. జనం మాత్రం బాగానే వచ్చారు. ముందు బొమ్మ చూసి, తర్వాత గోడ మీద బోర్డు చదివి, మళ్లీ బొమ్మ చూస్తున్నారు. బోర్డు చదివాక వాళ్ల మొహాలు మారుతున్నాయి. అది అత్త గమనించింది.

"అందులో ఏటి రాసినారు? సదువు."

ఇంగ్లీషులో ఉంది. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. చదువురాని గ్రామీణ మహిళ. కళాప్రపంచంతో ఏ పరిచయమూ లేకుండా ఒంటరిగా బతికిన మనిషి. మంత్రగత్తె అని ఊరు అనుమానించి వెలివేసిన బయటి కళాకారిణి.

"బయటంటే ఏటికి బయట?"

"కళకి. అంటే, చదువుకుని బొమ్మలేసేవాళ్లకి బయట."

"నేను నా ఇంట్లో నా మంచం మీద కూకుని గీసినాను. బయటినుంచి వచ్చినోడు ఆయన కదేటే?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగింది. తర్వాత, "ఆయన్ని పిలు," అంది.

యజమాని వచ్చి ఆమె పక్కన వంగి నిలబడ్డాడు. ఆమె నెమ్మదిగానే మాట్లాడింది.

"బాబూ, నన్నెవులూ ఎలెయ్యలేదు. మా వీధి మీద ఇలగ రాసేస్తే రేపు నేను ఆ వీధిలో ఉండాలా వద్దా? గుంటకి జొరమొచ్చి బయపడినారు. బయపడతారు. అది తీసెయ్యి. లేదంటే నా ఫిలిములు నాకిచ్చీ."

"తప్పకుండా తీసేస్తానమ్మా," అన్నాడు. "కానీ మీరు ఎవరి దగ్గరా నేర్చుకోలేదన్నదే మీ గొప్పతనం. అది మాత్రం ఉండాలి."

"నేర్సుకోలేదని ఎవులు సెప్పినారు?" నన్ను చూపించింది. "ఇది కాలేజీలో సదివినప్పుడు సెలవలకి మా ఇంటికొచ్చి అరుగు మీద బొమ్మలేసుకునేది. రోడ్డు దూరమెల్లినకొద్దీ ఎందుకు సన్నంగేస్తన్నావే అని అడిగినాను. అలగ కాదు, ఇలగ అని నా సెయ్యి ఒట్టుకుని గీయించినాది. దానికి గురుతుందో లేదో."

నాకు గుర్తు లేదు. ఆమె అన్నాక, అరుగూ, వేసవీ, నా అట్ట మీద ఆమె చెయ్యి మసగ్గా గుర్తొచ్చాయి. అవి నిజంగా గుర్తొచ్చాయో, ఆమె చెప్పాక నేనల్లుకున్నానో తెలీదు. యజమాని నావైపు చూసిన చూపు మాత్రం మర్చిపోలేను. ఆయన మొదటి రోజు నుంచీ అనుమానించింది నిజమే అయింది. దొంగ దొరికింది.

నన్ను పక్కకి తీసుకెళ్లి ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇది బయటికి రాకపోవడం అందరికీ మంచిదన్నాడు. మేనకోడలు ఆర్టు చదివిందని తెలిస్తే కొనేవాళ్లూ రాసేవాళ్లూ రకరకాలుగా అనుకుంటారనీ, ఆవిడకి దక్కాల్సిన స్థానం దక్కదనీ అన్నాడు. బెదిరించలేదు, బతిమాలుతున్నట్టే చెప్పాడు. అందులో ఆయన స్వార్థమెంతో, అత్త మీద ప్రేమెంతో నేను తేల్చుకోలేకపోయాను.

నా బుర్ర అప్పటికే ఇంకెక్కడో ఉంది. మా మాస్టారి స్లైడులు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఏమీ చూడలేదు, ఎవరూ లేరు అని రాసి ఉన్న ఆ మనుషుల్లో ఎందరికి ఒక మేనకోడలు ఉండి ఉంటుంది? ఎందరి అరుగు మీద ఎవరు కూర్చుని ఏం చెప్పి ఉంటారు? ఫొటో తీసేముందు ఎవరిని పక్కకి జరగమని ఉంటారు? చరిత్రలో ఆ చివరి అధ్యాయాన్ని నేను ఇంతకాలం కళ్లకద్దుకుని చదివాను. ఆ రోజు నుంచీ దాన్ని తిరగేసి చూడకుండా నమ్మలేకపోతున్నాను.

వెలివేశారన్న వాక్యం మీద, బైబిలు చదువుతుందని నేను గుర్తుచేశాక చదువురాదన్న మాట మీద తెల్లకాగితం ముక్కలు అంటించారు. ఎక్కడా నేర్చుకోలేదన్న మాట అలాగే ఉండిపోయింది. అత్త దాన్ని పట్టించుకోలేదు. "నా గురించి ఏటి రాసుకున్నా పరవాలేదు," అని, బావ భుజం పట్టుకుని మెట్లు దిగింది. ఇంటికి వస్తూ దారిలో బజ్జీలు తినాలందని ఒకచోట ఆగాం.

ప్రదర్శన అయ్యాక, అత్త సరేనన్న కొన్ని ఫిలిములు అమ్ముడుపోయాయి, తక్కినవి పార్సిల్లో తిరిగొచ్చాయి. బావ వాటిని ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి చూసి, రైలు ఫిలిం మార్చేశారన్నాడు. "ఇది అమ్మ గీసింది కాదు. అసలుది అట్టిపెట్టుకుని నకలు పంపినారు. గీత సూడు, ఎలగ వణికిందో." నాకూ అలాగే అనిపించింది. ఇంకేం, ఆయనేనని ఇద్దరం తేల్చేసుకున్నాం.

అత్త అందుకుని చూసింది. "నాదే ఇది. ఆ రోజు నాకు సలిజొరం. సెయ్యి నిలవలేదు."

"బాగా సూడమ్మా."

"నేను గీసినాది నాకు తెల్దేటిరా? ఆయన మీద కోపముంటే ఉంచుకోండి. దీనిమీదెందుకు రుద్దుతారు?"

అయినా బావ ఒప్పుకోలేదు. తర్వాత నేను వెళ్లినప్పుడల్లా ఆ రైలు ముందు కాసేపు నిలబడతాను. ఒకరోజు ఆమెదే అనిపిస్తుంది, ఇంకోరోజు అనిపించదు.

ఫిలిముల్ని ఇప్పుడు పెరటివైపు కిటికీకి కట్టింది. వీధి కిటికీకి కర్టెన్ వచ్చింది. ఎదురింటావిడ మళ్లీ కబుర్లు చెప్తుంది, కూతురి పెళ్లిచూపుల సంగతులు కూడా చెప్తుంది. కానీ మా అత్త ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకోదు. బావ భార్య ఆ గది తుడుస్తుంది, కిటికీకేసి మాత్రం చూడదు. సంచిలో పాత ఫిలిములు అడుగంటాయి. ఇప్పటి ఫిలిములు గీరితే పొర సరిగా లేవట్లేదని అత్త గొణుగుతుంది.

మొన్న నాకు విశ్వవిద్యాలయం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బయటి కళాకారుల మీద పరిశోధన చేస్తోందట. నమస్కారాలయ్యాక అడిగిన మొదటి ప్రశ్న, "ఆవిడకి ఎవరైనా నేర్పారా అండీ?" అని. మీరే వచ్చి ఆవిడని అడగండన్నాను. అత్తకి ఆ సంగతి చెప్పాను.

ఆమె దబ్బనం మొనని వేలితో చూసుకుని, "రమ్మను," అంది. "వచ్చే ముందు కనుక్కో. ఎవరి తాలూకా, ఎందుకొస్తంది, వచ్చి ఏటి రాస్తాది."